వినపడని వాయిద్యానికి నిషేధమెందుకు?
అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాలకు బహిరంగ లేఖ



‘ఫ్లాట్లలో గిటార్, డ్రమ్స్, కీబోర్డ్ మొదలైన వాయిద్యాలు ఏ వేళలోనూ వాయించరాదు. అతిక్రమించినవారికి జరిమానా విధించబడును.’ మాటలు కాస్త అటూ ఇటూగా ఇలాంటి నోటీసులు నాకు తెలిసిన కొన్ని సముదాయాల్లో లిఫ్టు పక్కన అతికించి ఉన్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. నేను హైదరాబాదులో బేస్ గిటార్ నేర్పుతాను. నా దగ్గర నేర్చుకుంటున్న ఇంటర్ కుర్రాడొకడు ఇంట్లో అసలు స్పీకరే వాడడు. గిటార్‌కు చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ (శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌కే పంపే ఆంప్లిఫయర్) తగిలించుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేస్తాడు. అయినా వాళ్ల కమిటీ సభ్యులు ఇంటికి వచ్చి, రూలంటే అందరికీ ఒకటే రూలని చెప్పి వెళ్లారు. శబ్దం వస్తోందా అని అడగలేదు. ఒకసారి వాయించి చూపించమనీ అడగలేదు. ఆ సాయంత్రమే గిటార్ సంచిలోకి, సంచి అటక మీదికి వెళ్లాయి.

ఈ నిర్ణయాన్ని నేను ఒప్పుకోలేను. ఇది ఒక్క కుర్రాడి సమస్య అయితే ఆ కమిటీతోనే మాట్లాడుకునేవాణ్ని. కానీ ఒక సంఘం రాసిన నిబంధనను ఇంకో సంఘం యథాతథంగా కాపీ చేసుకుంటోంది. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందుగా మీ ఫిర్యాదులో ఉన్న నిజం గురించి. బేస్ గిటార్‌ను స్పీకర్లో వాయిస్తే పొరుగువారికి ఇబ్బందే, అందులో సందేహం లేదు. మామూలు శ్రుతిలో దాని అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మిగతా మూడూ 55, 73, 98 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. ఐదు తీగల బేస్ అయితే 31 దాకా దిగుతుంది. 41 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే, అంటే చాలా ఫ్లాట్లలో హాలు కంటే పొడవు. మన నాలుగంగుళాల గోడలు మాటల్ని, టీవీ సీరియళ్లను చాలావరకు ఆపుతాయి కానీ ఇంత కింది స్వరాన్ని ఆపలేవు. దానికి తోడు నేల మీద పెట్టిన స్పీకర్ ఆంప్ నుంచి అదురు శ్లాబులోకి దిగి, పిల్లర్ల వెంట పాకి, పై అంతస్తులోనో కింది అంతస్తులోనో తేలుతుంది. కింద పడుకున్న పెద్దాయనకు పాట వినపడదు. దేనికో తెలియని దరువు మాత్రం మంచం దాకా వస్తుంది. తలుపు కొట్టి అడిగితే ‘అంకుల్, చాలా తక్కువలోనే పెట్టాను’ అంటాడు పైనున్న అబ్బాయి. అతనూ నిజమే చెబుతున్నాడు, ఈయనా నిజమే చెబుతున్నాడు.

ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టి కొలిచినా ఈ తగవు తీరదు. మన శబ్ద నియమాలు వాడే ‘డీబీ ఏ’ కొలత మనిషి చెవి తీరును అనుసరించి కింది స్వరాలకు విలువ తగ్గించి లెక్కగడుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు దాదాపు 35 డెసిబెల్స్. మీటరు చూపే అంకె నిబంధనకు లోబడి ఉన్నా కింది ఇంటాయనకు నిద్ర పట్టకపోవచ్చు. కాబట్టి ‘చిన్న స్పీకరే కదా, కాస్త తక్కువలో వాయించుకుంటారు, వదిలేయండి’ అని నేను మిమ్మల్ని అడగడం లేదు. ఫ్లాట్లో బేస్ స్పీకర్ వద్దనడానికి మీకు న్యాయమైన కారణం ఉంది. ఆ మాట వరకు నేను మీ పక్షమే.

అయితే మీరు నిషేధించింది స్పీకర్‌నా, వాయిద్యాన్నా?

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌కు చెప్పుకోదగ్గ సొంత గొంతు లేదు. అంతకుముందు బేస్ అంటే మనిషెత్తున నిలబడే డబుల్ బేస్, లోపలంతా బోలు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో ఆ బోలు పోయింది. గట్టి చెక్క దిమ్మ, దాని మీద నాలుగు తీగలు, వాటి కింద అయస్కాంతాలతో చేసిన పికప్. తీగ కదలికను పికప్ సన్నటి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని ఎక్కడికి పంపాలన్నది వాయించేవారి చేతిలో ఉంటుంది. స్పీకర్‌కు పంపితే అంతస్తంతా వింటుంది. హెడ్‌ఫోన్స్‌కు పంపితే వాయించేవాడొక్కడే వింటాడు. వీణకూ మృదంగానికీ లేని వెసులుబాటు ఇది. ఫ్లాట్ల జీవితానికి ఇంత అనువైన వాయిద్యాన్ని పట్టుకుని మొదటి ముద్దాయిగా నిలబెట్టడం ఏం న్యాయం?

నోటీసు రాకముందు ఆ కుర్రాడి ఇంట్లో నేను చూసింది చెబుతాను. ఆంప్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, నేరుగా గిటార్ జాక్‌లో కూర్చుంటుంది. అతను బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగి వాయిస్తున్నాడు. బేస్‌లో అన్నిటికన్నా మోత ఎక్కువగా వచ్చే శైలి అదే. అదే గదిలో కూర్చున్న నాకు ఫ్యాన్ చప్పుడు మధ్యలో లోహపు తీగ ఫ్రెట్‌కు తగిలే సన్నటి టిక్కుటిక్కులు వినిపించాయి. గది తలుపు వేసి హాల్లోకి వస్తే అవీ లేవు. కారిడార్లోకి వెళ్లి నిలబడితే లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, ఎదురింటి కుక్కరు కూత వినిపించాయి. అవేవీ మీ నోటీసులో లేవు.

మీ సముదాయంలోనే ఎవరో ఒకరు బాత్రూము టైల్స్ మార్పిస్తారు. డ్రిల్లింగ్ పనికి మీరు వేళలు పెడతారు, ఆదివారం వద్దంటారు. అంతే గానీ డ్రిల్లింగ్ మిషన్‌ను గేటు లోపలికే రానివ్వమని తీర్మానం చేయరు కదా? ఎందుకంటే అక్కడ మీరు ఆలోచించేది శబ్దం గురించి, వేళ గురించి, పొరుగువారి నిద్ర గురించి. ఆ ఆలోచన గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది?

దేశంలో శబ్దానికి నియమాలు లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సొంత ఇంట్లో వాడే సౌండ్ సిస్టమ్ గానీ, శబ్దం చేసే పరికరం గానీ ఆ ఇంటి సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదన్నాయి. సరిహద్దు దాటి వచ్చే శబ్దమే అక్కడ కొలమానం. ఇంటి లోపల ఏ వస్తువు ఉందన్నది కాదు. చట్టం గడప దగ్గర ఆగి కొలుస్తుంటే మీ నోటీసు పడకగదిలోకి వచ్చి పెట్టె తెరిచి చూస్తోంది.

సంఘం అంటే మెయింటెనెన్స్ వసూలు చేసే కౌంటర్ మాత్రమే కాదని నాకన్నా మీకే బాగా తెలుసు. నీళ్ల ట్యాంకరు నుంచి జనరేటర్ డీజిల్ దాకా మీరు పడే శ్రమను తక్కువ చేయను. కానీ నాలుగు వందల కుటుంబాలు ఎలా బతకాలో నిర్ణయించే అధికారం చేతిలో ఉన్నప్పుడు, నిబంధన రాసే ముందు విషయం కనుక్కోవడం మీ బాధ్యత. ఫిర్యాదు చేసినవారి మాట విన్నట్టే, ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వారి మాటా వినడం మీ బాధ్యత. అద్దెకున్నవారికి చాలా సంఘాల జనరల్ బాడీలో ఓటుండదు. వాయిద్యాలు నేర్చుకునే పిల్లలకు అసలే ఉండదు. ఓటు లేనివారి తరఫున ఆలోచించాల్సింది మీరు కాకపోతే ఇంకెవరు?

‘హెడ్‌ఫోన్స్ అంటే ఏ హెడ్‌ఫోన్స్? మార్కెట్లో సవాలక్ష ఉన్నాయి. రేపు అది పని చేయలేదని మళ్లీ స్పీకర్ పెడితే?’ అని మీరు అడగవచ్చు. ఇది అసలైన ప్రశ్న. పిల్లలు ఊరికే స్పీకర్ వైపు వెళ్లరు. హెడ్‌ఫోన్స్‌లో బేస్ నీరసంగా, పగిలినట్టు, ఆలస్యంగా వినిపిస్తే విసుగొచ్చి వెళ్తారు. పరికరం సరైనదైతే వాళ్లంతట వాళ్లే హెడ్‌ఫోన్స్ తీయరు. కాబట్టి మంచి హెడ్‌ఫోన్ ఆంప్ ఎంచుకోవడం నా విద్యార్థి అవసరం ఎంతో, అతని కింది ఇంటాయన అవసరమూ అంతే. మీ సముదాయంలో తల్లిదండ్రులకు మీరే పంచగలిగేలా ఆ ఎంపిక గురించి వివరంగా రాస్తున్నాను.

హెడ్‌ఫోన్ ఆంప్ నిన్న మొన్నటి వింత వస్తువు కాదు. బోస్టన్ అనే రాక్ బృందపు గిటారిస్టు, ఇంజినీరు టామ్ షోల్జ్ 1982లోనే నడుముకు తగిలించుకునే రాక్‌మ్యాన్‌ను తెచ్చారు. ఇవాళ ప్రధానంగా నాలుగు దారులున్నాయి. మొదటిది గిటార్ జాక్‌లోనే గుచ్చుకునే చిన్న ప్లగ్ ఆంప్. వాక్స్ ఆంప్‌ప్లగ్‌లో బేస్ కోసమే చేసిన రకం ఉంది. ఎన్‌యూఎక్స్ మైటీ ప్లగ్, బాస్ కంపెనీ కటానా గో లాంటివి గిటార్‌కూ బేస్‌కూ రెండింటికీ పనికొస్తాయి. రెండోది నేల మీద పెట్టుకునే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్, జూమ్ బీ1 ఫోర్ లాంటిది. అందులో హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలు, తాళం కోసం డ్రమ్ ప్యాటర్న్‌లు, శ్రుతి చేసుకునే ట్యూనర్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మూడోది కంప్యూటర్‌కు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటిది. రికార్డింగ్ మీద ఆసక్తి ఉన్నవారికి ఇదే మంచిది. నాలుగోది ఇప్పటికే ఇంట్లో ఉన్న ప్రాక్టీస్ ఆంప్. చిన్న ఆంప్‌లలో చాలావాటికి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, పిన్ను పెట్టగానే స్పీకర్ ఆగిపోతుంది. కొత్తగా ఏదీ కొనకముందు ఇంట్లోని ఆంప్‌కు ఆ రంధ్రం ఉందేమో చూడమని తల్లిదండ్రులకు చెప్పండి. ఉంటే, మీ సమస్య రూపాయి ఖర్చు లేకుండా తీరినట్టే.

కొనేటప్పుడు మొట్టమొదట అడగాల్సింది, అది బేస్ కోసం చేసిందా లేదా అని. మామూలు గిటార్ కోసం చేసిన ప్లగ్‌లో బేస్ పెడితే కింది స్వరాలు సన్నబడతాయి, గట్టిగా మీటినప్పుడు శబ్దం పగులుతుంది. బేస్ తీగ పంపే సంకేతం బలమైనది, మొదటి దెబ్బలో మరీను. రెండు సన్న బ్యాటరీల మీద, అంటే 3 వోల్టుల మీద నడిచే పరికరానికి ఆ దెబ్బను తట్టుకునే జాగా తక్కువ. అందుకే దుకాణంలో మెల్లగా మీటి చూసి కొనకూడదు. ఆ పిల్లవాడు ఇంట్లో ఎంత గట్టిగా వాయిస్తాడో అంత గట్టిగా, లావు తీగ మీద వాయించి చూడాలి. ఐదు తీగల బేస్ ఉన్నవారు ఆ గిటార్‌నే దుకాణానికి తీసుకెళ్లాలి.

రెండోది, ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే లోపలికి వచ్చే సంకేతానికి పరికరం చూపే అడ్డు. బ్యాటరీ లేని పాసివ్ బేస్ పికప్‌కు ఎదుటి పరికరం దాదాపు ఒక మెగోమ్ ఇంపిడెన్స్ చూపాలి. ఫోన్‌కో, మామూలు లైన్ ఇన్‌పుట్‌కో కన్వర్టర్ వైరు పెట్టి వాయిస్తే పికప్ మీద భారం పడి స్వరం మొద్దుబారిపోతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ అని గానీ ‘హై జెడ్’ అని గానీ రాసున్న ఇన్‌పుట్‌నే వాడాలి. చవకైన వైర్లతో మొదలుపెట్టి, ‘హెడ్‌ఫోన్స్‌లో బేస్ బాగోదు’ అని తీర్మానించేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు విన్నది బేస్ కాదు, తప్పు వైరు. ఇక లోపల 9 వోల్ట్ బ్యాటరీ ఉండే యాక్టివ్ బేస్‌కు ఈ బాధ తక్కువ. కాకపోతే జాక్‌లో ప్లగ్ ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే ప్లగ్ ఆంప్‌ను తీసేయడం అలవాటు చేయాలి.

మూడోది, చాలామంది పొరబడేది బ్లూటూత్. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో రెండు బీట్ల మధ్య దూరం 500 మిల్లీసెకన్లే. అంటే వేలు మీటిన స్వరం అర బీటు దాకా వెనక వినిపిస్తుంది. తాళాన్ని మోయాల్సిన బేస్‌కు ఇంతకన్నా చేటు లేదు. సినిమా చూసే బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఎంత ఖరీదైనవైనా సాధనకు పనికిరావు. వైరున్న హెడ్‌ఫోన్సే కావాలి. వైరు లేకుండా కావాలంటే వాయిద్యాల కోసమే సొంత ట్రాన్స్‌మిటర్‌తో చేసిన సెట్లు ఉన్నాయి, అవి వేరు, ఖరీదూ వేరు. అయితే ఆంప్‌కు బ్లూటూత్ ఇన్‌పుట్ ఉంటే మంచిదే. ఫోన్లోంచి పాట అందులోకి వస్తుంది, దాంతోపాటు వాయించుకోవచ్చు. పాట మొత్తం ఒకే ఆలస్యంతో వస్తుంది కాబట్టి విని వాయించేవాడికి నష్టం లేదు. బ్లూటూత్ లేకపోతే 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ రంధ్రమైనా ఉండాలి. ఒంటరిగా స్కేళ్లు వాయించే పిల్లవాడు నాలుగు రోజుల్లో మానేస్తాడు. పాటతో కలిసి వాయించేవాడు మానడు.

నాలుగోది హెడ్‌ఫోన్స్. ఆంప్ ఎంత మంచిదైనా చవకైన ఇయర్‌ఫోన్స్ పెడితే 41 హెర్ట్జ్ సరిగ్గా వినపడదు. చెవి పూర్తిగా కప్పే, వెనక మూసి ఉన్న రకం తీసుకోవాలి. వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకంలో శబ్దం బయటికి కారుతుంది, పక్క మంచం మీద చెల్లెలు చదువుకుంటుంటే ఆమెకు ఇబ్బంది. బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్‌లకు 32 నుంచి 80 ఓమ్‌ల మధ్య ఉన్న హెడ్‌ఫోన్స్ నప్పుతాయి. 250 ఓమ్‌ల స్టూడియో రకం పెడితే శబ్దం చాలదు, పిల్లవాడు ఆంప్‌ను చివరిదాకా తిప్పేస్తాడు, అప్పుడు మళ్లీ పగుళ్లు. ఉన్న డబ్బులో ఆంప్‌కు ఎంత పెడతారో హెడ్‌ఫోన్స్‌కూ అంత పెట్టమని నా విద్యార్థుల తల్లిదండ్రులకు చెబుతుంటాను.

ఇంకో చిన్న విషయం, జాక్ ఉన్న చోటు. కొన్ని బేస్‌లకు జాక్ ముందు పలక మీద, కొన్నిటికి పక్క అంచులో, కొన్నిటికి లోతుగా గుంటలో ఉంటుంది. అన్ని ప్లగ్ ఆంప్‌లూ అన్ని గుంటల్లో పట్టవు. గిటార్‌ను ఒడిలో పెట్టుకుని కూర్చుంటే ప్లగ్ తొడకు తగిలి, కొన్నాళ్లకు జాక్ వదులైపోతుంది. పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు వేసుకుంటే ఆ బెడద ఉండదు.

చెవుల సంగతీ చెప్పాలి, ఎందుకంటే పొరుగువారి నిద్ర కాపాడటానికి పిల్లల వినికిడిని పణంగా పెట్టమని నేను అనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ గంటలు సగానికి తగ్గుతాయి. 90 దగ్గర పెద్దవాళ్లకైనా వారానికి 4 గంటలే. బేస్ సరిగ్గా వినపడని హెడ్‌ఫోన్స్‌లోనే పిల్లలు వాల్యూమ్ పెంచేస్తారు. మంచి పరికరం అడగడంలో ఈ జాగ్రత్త కూడా ఉంది.

ఇవన్నీ పాటించాక కూడా కింది ఇంటికి ఒకటి వినపడవచ్చు. పాదం తాళం. మడమతో నేలను తడితే ఆ చప్పుడు నేరుగా శ్లాబులోకి దిగుతుంది. దానికి మందు కాళ్ల కింద మందపాటి చాప. రాత్రి 10 దాటాక చెప్పులు లేకుండా, చాప మీద, హెడ్‌ఫోన్స్‌తో అని మీరు నిబంధన పెట్టండి. మేము సంతోషంగా పాటిస్తాం.

ఇక ఈ నిషేధంతో సమాజానికి ఏం పోతుందో చూడండి. బేస్ గిటార్ పాశ్చాత్య మోజు అనుకునేవారు మీలో ఉండవచ్చు. మీరు చిన్నప్పటి నుంచి ప్రేమించిన ఇళయరాజా పాటల్లో బేస్‌ను తీసేసి వినగలరా? ‘గీతాంజలి’ (1989), ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) పాటల్లో పల్లవి కింద సొంత దారిలో నడిచే ఆ రెండో రాగం బేస్ గిటార్‌దే. ఆయన బృందంలో శశిధరన్ వాయించిన బేస్‌ను వినే ఒక తరం దక్షిణాది వాద్యకారులు ఈ వాయిద్యం వైపు వచ్చారు. ఇవాళ ముంబైకి చెందిన మోహినీ డే అనే యువతి బేస్ గిటార్‌తో ప్రపంచ వేదికలెక్కింది. రేపు మన తెలుగు నగరాల నుంచి అలాంటి అమ్మాయి రావాలంటే ఆమె ఎక్కడ సాధన చేయాలి? గంటకింత అని అద్దె కట్టి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఊరికి అవతలున్న జామ్ రూముకు (సంగీత సాధన గదికి) రోజూ వెళ్లగలిగే ఇళ్లు ఎన్ని? రాత్రి 9 తర్వాత ఆడపిల్లను పంపే ఇళ్లు ఎన్ని? సంగీతం రోజూ చేయాల్సిన పని. వారానికోసారి క్లాసులో నేను చెప్పింది మిగతా ఆరు రోజుల ఇంటి సాధనలోనే చేతికి ఎక్కుతుంది. ఆ ఆరు రోజుల్నీ మీ నోటీసు లాగేసుకుంటోంది.

పిల్లల సంగతి అలా ఉంచండి. షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి ఇంటికి చేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పగలంతా ఆటో నడిపి రాత్రి చర్చి బృందం కోసం పాటలు సాధన చేసుకునే యువకుడు, రిటైరయ్యాక కోరిక తీర్చుకుంటున్న బ్యాంకు ఉద్యోగి, వీళ్లంతా నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. వీళ్లకు ఖాళీ దొరికేది మిగతావాళ్లు నిద్రపోయాకే. ఎవరినీ లేపకుండా గంటసేపు తనకిష్టమైన పని చేసుకునే మనిషి మీ సముదాయానికి ఏ నష్టం చేస్తున్నాడు? ఫోన్లో వీడియోలు చూసేవారి హెడ్‌ఫోన్స్‌కు లేని అభ్యంతరం గిటార్‌కు తగిలించిన హెడ్‌ఫోన్స్‌కు ఎందుకొచ్చింది?

‘ఒకరికి అనుమతిస్తే అందరూ అడుగుతారు’ అన్నది మీ దగ్గర నేను విన్న చివరి అభ్యంతరం. అడగనివ్వండి. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాళ్లు అడిగితే, హెడ్‌ఫోన్స్ పెట్టినా పెడల్ దెబ్బ నేలకు తగులుతుంది కాబట్టి వాళ్లకు మరింత మందపాటి మ్యాటు, పగటి వేళ అని చెప్పండి. కీబోర్డు వాళ్లు అడిగితే హెడ్‌ఫోన్స్ చాలని చెప్పండి. వీణ నేర్చుకునే అమ్మాయి అడిగితే ఉదయమో సాయంత్రమో రెండు గంటలు కేటాయించండి, లేదా క్లబ్‌హౌస్‌లో ఒక గది ఇవ్వండి. వాయిద్యాన్ని బట్టి, బయటికి వచ్చే శబ్దాన్ని బట్టి నిర్ణయించడం కష్టమైన పనే. కానీ కార్యవర్గం ఉన్నది ఆ పని కోసమే కదా?

మీ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. ఒకటి, వాయిద్యాల మీద ఉన్న సంపూర్ణ నిషేధాన్ని రద్దు చేసి, ‘ఫ్లాట్ బయటికి శబ్దం గానీ అదురు గానీ రాకూడదు’ అని నిబంధనను తిరగరాయండి. రెండు, హెడ్‌ఫోన్స్‌తో, కాళ్ల కింద చాపతో చేసే సాధనకు ఏ వేళలోనైనా అనుమతి ఉందని స్పష్టంగా రాయండి, వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలిసేలా నోటీసు బోర్డు మీద పెట్టండి. మూడు, ఫిర్యాదు వచ్చినప్పుడు జరిమానా రాసే ముందు ఫిర్యాదు చేసినవారి గదిలో కూర్చుని, పై ఇంటివారిని వాయించమని చెప్పి, మీ చెవులతో వినండి. నాలుగు, అద్దెకున్నవారికీ ఈ నిబంధన సమానంగా వర్తింపజేయండి, గిటార్ ఉందన్న కారణంతో ఇల్లు ఇవ్వని యజమానులకు సంఘం తరఫున నచ్చజెప్పండి.

వచ్చే జనరల్ బాడీ సమావేశపు అజెండాలో ఈ నాలుగూ చేర్చండి. పిలిస్తే బేస్ గిటార్, హెడ్‌ఫోన్ ఆంప్, హెడ్‌ఫోన్స్ పట్టుకుని నేనే వస్తాను. ఫిర్యాదు చేసిన కింది ఇంటాయన తన గదిలో కూర్చోవచ్చు, మీరు కారిడార్లో నిలబడవచ్చు, నేను పై ఫ్లాట్లో నాకు చేతనైనంత గట్టిగా వాయిస్తాను. వినపడితే మీ నిబంధన ఉంచుకోండి. వినపడకపోతే అదే సమావేశంలో దాన్ని ఎత్తేసి, అటక మీది గిటార్లను కిందికి దించమని ఆ పిల్లలకు మీరే చెప్పండి.

భవదీయుడు,
బేస్ గిటార్ ఉపాధ్యాయుడు
హైదరాబాద్